జానెడు గాలి

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆదోనిలో ఐసు ఫ్యాక్టరీ మిషన్ల దగ్గర పదేళ్ళు పనిచేశాను. ఆ పదేళ్ళలో ఈ మాట అడగని మనిషి లేడు. చల్లదనం ఎక్కడి నుంచీ రాదు. అదొక సరుకు కాదు. ఒక చోట ఉన్న వేడిని తోడి ఇంకో చోట పారబోస్తే, తోడిన చోట మిగిలేదే చల్లదనం. పారబోయడానికి చోటు లేకపోతే తోడటమూ ఆగిపోతుంది. నా పనంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. నెత్తీ నోరూ కొట్టుకుని ఊరందరికీ చెప్పిన ఈ ముక్క నాకే తలకెక్కని ఎండాకాలం ఒకటుంది. ఆ సంగతే చెబుతున్నాను.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. ఊళ్ళకు కరెంటు తీగలు ఒక్కొక్కటిగా పాకుతున్న రోజులు. ఏప్రిల్ నెలాఖరున ఎమ్మిగనూరు బస్సు డ్రైవరు బసవన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు ఆపి నన్ను కేకేశాడు.

"యేసేపన్నా, మా ఊర్లో నీలకంఠమని ఒక మగ్గపాయన ఉండాడు. మగ్గం ఇడిసిపెట్టి నన్నారి షర్బత్తు మిషను పెట్టినాడు. ఒక వారం దినాలు పండ్లు జివ్వుమనేట్ల ఇచ్చె. ఇప్పుడు కషాయమిస్తాండాది. నువ్వొచ్చి సూడాలంట."

"కషాయమైతే వైద్యుణ్ణి పిలవమను" అన్నాను. అన్నానే గాని మరుసటి రోజు పనిముట్ల సంచి భుజానికి వేసుకుని ఆయన బస్సే ఎక్కాను. కొత్త మిషను ఒకటి చెడిపోయిందని వింటే ఇంట్లో కూర్చోలేని జబ్బు నాది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఆ రోజుల్లో ఎండలో పోవడమంటే మెలకువతో పోయినట్టు ఉండదు. ఊరు దాటేవరకు జిన్నింగు మిల్లుల దూది గాల్లో తేలుతుంటుంది. రోడ్డు పక్క ముళ్ళచెట్లకు తెల్లగా పట్టుకుని ఉంటుంది. ఆ తరువాత నల్లరేగడి చేలు, వాటి మీద ఎండ పారే నీళ్ళలా కదులుతుంటుంది. బస్సులో అందరి తలలూ ఒకేవైపు వాలిపోతాయి. డ్రైవరు ఒక్కడే మేలుకుని ఉన్నాడో, లేక అతనూ నిద్రలోనే నడుపుతున్నాడో చెప్పలేం. నేను దిగేసరికి ఊరంతా తలుపులు చేరవేసుకుని ఉంది. మగ్గాల చప్పుడు మాత్రం ప్రతి ఇంటి గోడలోంచీ వస్తోంది. మనుషులు నిద్రపోతే ఇళ్ళే నేస్తున్నాయా అనిపించింది.

నీలకంఠం ఇంటి ముందు అరుగు మీద మిషను పెట్టి ఉంది. కింద ఇనప పెట్టె, అందులో మోటారు, కంప్రెసరు, గాలికి వేడి వదిలే రేకుల జాలీ, దాని వెనక ఒక పంకా. పైన రాగి పీపా, దానికి రెండు కుళాయిలు. బళ్ళారిలో మూతబడిన ఏదో క్లబ్బుదట. పీపా మీద ఇంగ్లీషు అక్షరాలు చెరిగిపోయి, వాటి మీద పసుపు కుంకుమ బొట్లు వెలిసి ఉన్నాయి. జాలీకి కూడా బొట్టు పెట్టలేదు గదా అని ముందు వెనక్కి వంగి చూశాను. నయం, పెట్టలేదు.

నీలకంఠానికి నలభై అయిదేళ్ళుంటాయి. చేతులు పొడుగు, కాళ్ళు సన్నం, కళ్ళు మాత్రం చాలా శాంతంగా ఉన్నాయి. మాట మాటకీ దగ్గు. దగ్గినప్పుడల్లా ఎవరినో లేపుతున్నానేమోనన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ముప్పై ఏళ్ళు నేశాడు. నూలు దుమ్ము రొమ్ములో పేరుకుంది, మగ్గం మానాలని డాక్టరు చెప్పాక మగ్గాన్ని విప్పి పక్కింట్లో ఉండే అన్న శంకరన్నకు అప్పజెప్పాడు. ఈ మిషను తెచ్చుకున్నాడు. ఇదంతా అతని భార్య హంపమ్మ నిలబడి చెప్పింది. అతను పీపా మీద చెయ్యి వేసి వింటూ కూర్చున్నాడు.

ఇక్కడ నా గుణం ఒకటి చెప్పాలి. యేసేపు అనే పేరు వినగానే మేమెవరమో, మావాళ్ళు ఊరికి ఏ వైపున ఉంటారో ఎవరూ వేరే అడగరు. నా చేతి పని కావాలి గాని నా కాలు గడప దాటకూడదనే ఇళ్ళు నాకు బాగా తెలుసు. అంత బరువు మిషను లోపల ఉండాల్సింది అరుగు మీద ఎందుకుంది? నా కోసమే బయటికి మోసుకొచ్చి పెట్టారు. అది చూడగానే నాకు రోషం వచ్చింది. "ఇది ఎప్పుడూ ఉండేది ఎక్కడ?" అని నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేశాను. మెకానిక్కు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే. అడిగితే లోపలికి పోయి చూడాల్సి వస్తుంది, రావద్దంటే పడాల్సి వస్తుంది. నాకెందుకులే అనుకున్నాను.

ఈసారి జాలీని దగ్గరగా చూశాను. రేకుల మధ్య నూలు పీచు దట్టంగా పేరుకుపోయి దుప్పటి కప్పినట్టుంది.

"దీనికి ఊపిరి ఆడటం లేదు" అన్నాను.

హంపమ్మ గబుక్కున మొగుడి వైపు చూసింది. నేనన్నది మిషను గురించని తెలిసి చూపు దించుకుంది.

"మెత్తటి కుంచె ఏదైనా ఉందా తల్లీ?"

ఆమె లోపలికి పోయి పడుగుకు గంజి పట్టించే పెద్ద కుంచె తెచ్చింది. మూరెడు పొడుగు, సన్నటి గడ్డి వేర్లతో కట్టింది. రేకుల వెంట పైనుంచి కిందికి దాన్ని లాగితే పీచు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. నీలకంఠం కాసేపు చూసి నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. గంజి పెట్టే మనిషి చెయ్యి కదా, ఒక్క రేకు వంగలేదు. పదేళ్ళ పనివాణ్ణి, నాకంటే బాగా తుడిచాడు. ఆ మాట పైకి అనలేదు, అనాల్సింది.

తరువాత బెల్టు బిగించాను. గొట్టాల అతుకులకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమోనని చూశాను. రాలేదు, గ్యాసు కారడం లేదు. కుళాయిలు విప్పి వేణ్ణీళ్ళతో కడిగించాను. తీపి పట్టిన కుళాయిని కడగకపోతే రెండు రోజుల్లో పులుపు ఎక్కుతుంది. చెప్పాల్సినవన్నీ చెప్పాను. వారానికొకసారి కుంచె పట్టండి. పీపా లోపల మంచు వేలి మందం దాటితే మిషను ఆపి కరగనివ్వండి. మీద గుడ్డ కప్పొద్దు. వెనక గోడకూ దీనికీ మధ్య జానెడు గాలి వదలండి.

"జానెడు" అని నీలకంఠం తన చెయ్యి చాపి చూసుకున్నాడు.

స్విచ్చి వేశాక గంటకు ఆ సుగంధి వేర్ల షర్బత్తు చల్లబడింది. హంపమ్మ ముందు నాకే పోసి ఇచ్చింది. ఇంట్లో వాళ్ళు తాగే గాజు గ్లాసులోనే ఇచ్చింది. కోపం మీద ఉన్నవాడికి అదెక్కడ కనిపిస్తుంది? నీలకంఠం ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"రొమ్ములో ఎవరో తలుపు తీసినట్లుండాది" అన్నాడు.

బస్సులో తిరిగి వస్తుంటే నాకూ నిద్ర పట్టింది. నన్నారి వాసన చేతులకు అంటుకుని ఆదోని దాకా వచ్చింది.

పక్షం రోజులు తిరక్కముందే బసవన్న మళ్ళీ గేటు దగ్గర బస్సు ఆపాడు. శనివారం పొద్దున.

"నువ్వు సేసిపోయిన మర్నాడే ఆగిపోయినాదంట. ఆయన సెప్పనీకి మొగమాటపడి ఇన్నాళ్ళు ఊరకుండె. సోమవారం నాటికి సల్లబడకుంటే మగ్గం తిరిగి తెచ్చుకుంటాడంట."

"నా పని అంత అధ్వానంగా ఉందా?" అని బసవన్న మీద ఎగిరాను. పాపం, అతనికేం తెలుసు!

పోయేసరికి మిషను మళ్ళీ అరుగు మీద ఉంది. జాలీ చూస్తే అద్దంలా ఉంది, ప్రతి రేకూ తుడిచి పెట్టారు. బెల్టు బాగుంది. నురగ రాశాను, బుడగ లేదు. మోటారు పెట్టె మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. స్విచ్చి వేశాను. గంట గడిచేసరికి కుళాయి చెమట పట్టింది. అదేమంత గొప్ప సంగతి కాదన్నట్టు మిషను గుర్రుమని నడుస్తూనే ఉంది.

"ఇది చెడిపోలేదు. నన్ను ఆటపట్టిస్తున్నారా?" అన్నాను. గొంతు పెద్దదైంది.

"లేదన్నా, ప్రమాణం. నువ్వుంటే నడుస్తాది. పోతే రెండు గంటలు నడుస్తాది, మోటారు సెయ్యి పెట్టలేనంత కాలిపోతాది, ఆగిపోతాది" అన్నాడు నీలకంఠం. అతని ముఖం తప్పు చేసినవాడి ముఖంలా ఉంది. అది చూసి నా కోపం ఇంకా పెరిగింది, ఎందుకో నాకే తెలియదు.

శంకరన్న వచ్చి అరుగు కింద నిలబడి వింటున్నాడు. అతనూ నేత మనిషే, మాట తక్కువ. "ఎల్లుండి పొద్దున్నే మగ్గం కట్టెలు తెస్తాలే తమ్ముడా. నేసేటోనికి నేతే" అని నిదానంగా చెప్పి వెళ్ళిపోయాడు. నీలకంఠం తలాడించాడు. ఆ తలాడించడంలో దిగులు లేదు. అది చూసే నాకు భయమేసింది. ఇంటికి పిలిచినవాళ్ళకు ఊ కొట్టినట్టు ఊ కొట్టాడు.

నేను సంచి సర్దుకుని వీధి మలుపు దాకా వచ్చాక హంపమ్మ వెనక నుంచి పిలిచింది.

"అన్నా, ఆయన నీకు సెప్పడు. డాక్టరు నాతో సెప్పినాడు. ఇంకొక్కసారి మగ్గంలో కూసుంటే వచ్చే ఉగాదికి మనిషి ఉండడంట. ఆ మిషను నడిసేదొక్కటే నాకు దిక్కు. ఏమన్నా సెయ్యన్నా."

ఏం చెయ్యను? చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. బాగున్న మిషనును ఎవరు బాగుచేస్తారు? "చూస్తాలే తల్లీ" అని ఒక పిచ్చి మాట అనేసి నడిచాను.

బస్టాండులో బసవన్న టైరు విప్పుకుని కూర్చున్నాడు. ఇంకో రెండు గంటలు పడుతుందన్నాడు. నేను రేకుల షెడ్డు కింద సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాను. ఎండ తెల్లగా కాస్తోంది. ఎక్కడి నుంచో మగ్గాల చప్పుడు వస్తూ, దూరమవుతూ, మళ్ళీ వస్తూ ఉంది.

మా నాయన తిక్కయ్య కలలోకి వచ్చాడు. ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లు కూలీ. ఇరవై ఏళ్ళు దూది మోసి, నా పద్నాలుగో ఏట దగ్గుతూ దగ్గుతూ పోయాడు. కలలో ఆయన దూది గోతంలో నడుముల దాకా నిలబడి ఉన్నాడు. చుట్టూ తెల్లగా, ఎంతో చల్లగా, హాయిగా ఉన్నట్టు కనిపిస్తోంది. చెయ్యి చాపితే దూది వెచ్చగా తగిలింది. అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి. "నాయనా, పైకి రా, అక్కడ చల్లగా ఉందనుకున్నా" అన్నాను. ఆయన నవ్వి, "ఈడ గాలి ఆడలేదురా" అన్నాడు. ప్రాణం పోయే ముందు కూడా ఆయన ఆ మాటే అన్నాడు.

లేచి కూర్చున్నాను. మెడంతా చెమట. మిషనులో చూడాల్సినవన్నీ చూశాను. నేను లేనప్పుడు అది ఉండే చోటు ఒక్కటే చూడలేదు. చూడకపోవడానికి కారణం నా రోషం తప్ప వేరే లేదు. నన్ను నేను నాలుగు తిట్లు తిట్టుకుని, బసవన్నకు చెప్పకుండా వెనక్కి నడిచాను.

అరుగు ఖాళీగా ఉంది. లోపలి నుంచి మోటారు చప్పుడు వస్తోంది, కాని గొంతు మారింది. నోట్లో గుడ్డ కుక్కిన మనిషి మూలిగినట్టుంది. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాను. పిలిచాను. మోటారు చప్పుడులో వినపడలేదేమో, ఎవరూ పలకలేదు. పోతే పోయింది అనుకుని లోపలికి అడుగు పెట్టాను.

ముందరి గదిలో చీకటిగా, చల్లగా ఉంది. కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే మిషను సగమే ఉంది. రాగి పీపా, కుళాయిలు నేల మీద ఉన్నాయి. కింది ఇనప పెట్టె మొత్తం మగ్గం గుంతలో దిగి ఉంది. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి తొక్కుళ్ళు తొక్కే గుంత అది. దాని అంచున, తను ముప్పై ఏళ్ళు కూర్చున్న చోటే, నీలకంఠం బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుళాయి కింద గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"అరె, యేసేపన్నా! బస్సు పోయినాదా? రా, రా, ఈడ కూసో" అని పక్కకు జరిగి చోటిచ్చాడు. అంత మామూలుగా పిలిచేసరికి పోయి ఆ చోట కూర్చున్నాను.

"దీన్ని ఇందులో ఎందుకు పెట్టినావయ్యా?"

"ఇంతకన్నా సల్లని తావు ఊర్లో యాడుంది సెప్పు? ఎండాకాలం ఊరంతా ఉడికిపోతాంటే నా కాళ్ళు మటుకు బావిలో పెట్టినట్లు ఉంటాండె. సల్లమిషను సల్లనితావులోనే ఉండల్ల గదా. నువ్వు సెప్పినట్లే వెనకాల జానెడు ఇడిసినా సూడు."

వంగి చూశాను. నిజమే. గుంత వెనక గోడను గడ్డపారతో తవ్వి సరిగ్గా జానెడు పెంచాడు. అంచులు నున్నగా చెక్కి మట్టి కూడా మెత్తాడు. ఆ రోగిష్టి మనిషి ఎన్ని రోజులు దగ్గుతూ తవ్వాడో! నేను జానెడు అన్నాను గాని, గాలి వచ్చి పోయే జానెడు అని చెప్పానా?

"మరి నేను వచ్చినప్పుడల్లా అరుగు మీదికెందుకు మోసినారు?"

"అదేం మాటన్నా! పెద్ద పనోనివి, అంత దూరం నుంచి వస్తివి. గుంతలో తల దూర్చి పని సెయ్యమంటే బాగుంటాదా? శంకరన్న, నేను, ఇంకా ఇద్దరు ఎత్తి పెడ్తిమి."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పక్షం రోజులుగా నేను మోస్తున్న కోపం ఉత్తదే. దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. మిషను ఆపేశాను.

"నీలకంఠన్నా, కాళ్ళు ఒకసారి కిందికి పెట్టు. ఆ తవ్విన సందులో."

అతను నవ్వుతూ బాసిపట్టు విప్పాడు. అలవాటైన చోటు కదా, చూడకుండానే రెండు కాళ్ళూ వదిలాడు. మరుక్షణం వెనక్కి లాక్కున్నాడు. ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాని అర్థం పోయింది. మళ్ళీ ఒక కాలు మెల్లగా దించి, వేళ్ళతో గోడను తడిమాడు.

"ఇది నా గుంత గాదు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మిషను షర్బత్తులోని వేడిని తోడి ఈ గుంతలో పోస్తోంది. మొదటి వారం చల్లటి మట్టి ఆ వేడిని తాగేసింది, ఇప్పుడు మట్టీ వేడెక్కింది. ఆ వేడి పోవడానికి దారి లేదు, అక్కడే నిలబడుతుంది. పంకా ఆ వేడిగాలినే మళ్ళీ మళ్ళీ జాలీ మీదికి తోస్తుంది. రెండు గంటల్లో తను వదిలిన ఊపిరిలో తనే ఉడికి ఆగిపోతుంది. అరుగు మీద పెట్టినప్పుడు వీధి గాలి తగిలేది, అందుకే నడిచేది. "దీన్ని బయటికి తీయాలి. అంతే. ఇంకేమీ లేదు" అన్నాను.

"తీయొద్దు."

వంటింటి గడపలో హంపమ్మ నిలబడి ఉంది. చేతిలో నిమ్మకాయల చేట అలాగే ఉంది.

"తీస్తేనే తల్లీ నడిచేది."

"తీస్తే గుంత ఖాళీ అయితాది. ఖాళీ అయితే మగ్గం వస్తాది" అంది. చేట కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది. "గుంత సల్లగ ఉంటాదని నీతో సెప్పింది నేనే గదా. సల్లదనం కోసరం గాదు సామీ. ఆడ ఇంకొకటి ఉంటే మగ్గం దిగదని. పూడుస్తామంటే నువ్వు ఒప్పుకోవు. మీ అమ్మ సావబోతా ఏం సెప్పె? గుంత ఖాళీగ పెట్టొద్దు, పూడ్చొద్దు అనె. ఇంగ నేనేం సేద్దు? నీ ఊపిరి నిలబెడదామని నేను దాని ఊపిరి తీస్తి." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరి ముందూ ఏడ్చే మనిషి కాదని ఆ ఏడుపు తీరే చెబుతోంది.

నేను అక్కడ ఉండాల్సినవాణ్ణి కాదు. కాని లేచి వెళ్ళే దారి కూడా లేదు. మిషను గుంతలో ఉంటే ఆగిపోతుంది, ఎల్లుండి మగ్గం వస్తుంది. బయటికి తీస్తే గుంత ఖాళీ, అప్పుడూ మగ్గమే వస్తుంది. పనిముట్ల సంచిలో దీనికి ఏ పానా లేదు.

వీధిలో మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి, చాయ్ తాగే వేళ. నీలకంఠం రెండుసార్లు దగ్గాడు. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"హంపీ" అన్నాడు చివరికి, "మా అమ్మ ఆ మాట సెప్పేటప్పుడు నాకు దగ్గు లేదు. ఉండింటే సెప్పి ఉండదు. పోయి శంకరన్నను పిల్సకరా."

శంకరన్న మోకులు తెచ్చాడు. సంగతి విని పంచె ఎగ్గట్టాడు. వీధిలో ఇంకో ఇద్దరిని పిలిచి, నేనూ ఒక పక్క పట్టి, మిషనును పైకి లాగాం. ఇనప పెట్టె కాలుతోంది. అరుగు మీద, వీధి వైపు కుళాయిలు, గోడ వైపు జాలీ పెట్టి, గోడకూ దానికీ మధ్య నేనే నా చేత్తో జానెడు కొలిచాను. రెండు వైపులా గాలి ఆడుతుందో లేదో ఈసారి నిలబడి చూసుకున్నాను.

పెరట్లో తవ్వి పోసిన మట్టి కుప్పగా ఉంది. హంపమ్మ గంపతో తెచ్చింది గాని గుంత దగ్గరికి వచ్చాక చేతులు లేవలేదు. గంప నడుముకు ఆనించుకుని నిలబడింది. శంకరన్న గోడ వైపు తిరిగాడు. నీలకంఠం వచ్చి తన చోట కూర్చున్నాడు. రెండు కాళ్ళూ గుంతలోకి వేలాడేశాడు. కళ్ళు మూసుకున్నాడు. అతని పాదాలు ఒకటి దిగుతూ ఒకటి లేస్తూ, లేని తొక్కుళ్ళు తొక్కడం మొదలుపెట్టాయి. కుడిచెయ్యి ఒళ్ళో నుంచి కొద్దిగా కదిలి మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. ఎంతసేపో నాకు తెలియదు. ఆ గదిలో నేను కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"ఇంగా ఎచ్చగనే ఉండాది" అన్నాడు కళ్ళు తెరవకుండా. తరువాత, "మట్టి పొయ్యి" అన్నాడు.

"కాళ్ళు తియ్యి" అంది హంపమ్మ.

"నువ్వు పొయ్యి హంపీ."

ఆమె పోసింది. మట్టి అతని పాదాల మీద పడింది. పాదాలు ఆగలేదు. రెండో గంపకు చీలమండలు మునిగాయి. అప్పుడు ఒక కాలు పైకి తీసి, మోకాలు ముడిచి పెట్టుకున్నాడు. మూడో గంపకు రెండో కాలు కదల్లేదు. హంపమ్మ గంప పట్టుకుని ఆగింది. నేనైతే వంగి లాగేవాణ్ణేమో. అతనే రెండు చేతులతో తన పిక్క పట్టుకుని, మట్టిలోంచి ఆ కాలును బయటికి తీసుకున్నాడు. తీసి, వేళ్ళ మధ్య మట్టి దులుపుకోకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

గుంత అంచు దాకా నిండాక మట్టి తొక్కడానికి లేచాడు గాని దగ్గు ముంచుకొచ్చింది. "నువ్వు కూసో" అని శంకరన్న దిగాడు. "రాన్నా" అని నన్నూ పిలిచాడు. ఆ ఇంటి నేలను నా కాళ్ళతో నేనూ తొక్కాను. హంపమ్మ నీళ్ళు చల్లింది. తడిసిన మట్టి వాసన, నన్నారి వాసన కలిసి గదంతా నిండింది.

పొద్దు వాలుతుండగా అరుగు మీద స్విచ్చి వేశాను. కాసేపటికి మిషను వెనక నుంచి వేడిగాలి రావడం మొదలైంది. నీలకంఠం ఆ జానెడు సందులో చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంత వేడి పోతాండాదా దీంట్లోనుంచి!" అన్నాడు.

"పోవాలి. పోతేనే" అన్నాను.

మొదటి గ్లాసు నాకు ఇచ్చాడు. ఈసారి గ్లాసును చూశాను. లోపలికి తీసుకుపోయి, పూడ్చిన చోటు పక్కనే చాప వేసి కూర్చోబెట్టాడు. తాగుతూ సగంలో గ్లాసు దించేశాను. చల్లదనానికి అని చెప్పాను. నా నాయనకు ఒక్క గ్లాసు ఇలాంటిది ఇవ్వలేకపోయానే అనిపించింది. అదీ వాళ్ళకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పాక తేలికైంది.

సోమవారం నీలకంఠం మగ్గం శంకరన్న ఇంట్లోనే ఉండిపోయింది. మిషను నడుస్తూనే ఉంది. జూన్‌లో తొలి వానలు పడ్డాక బసవన్న గేటు దగ్గర బస్సు ఆపి ఒక సీసా నన్నారి పాకం ఇచ్చాడు, నీలకంఠం పంపాడట. షర్బత్తు పోస్తూ కూర్చుంటాడట. పక్కింట్లో మగ్గం ఆడేటప్పుడు మాత్రం అరుగు మీది నుంచి వేలాడే అతని కాళ్ళు ఆ చప్పుడుకు తగ్గట్టు కదులుతుంటాయట. అందరూ చూసి నవ్వుతారట, అతనూ నవ్వుతాడట.

"దగ్గు?" అని అడిగాను.

బసవన్న స్టీరింగు మీద చెయ్యి పెట్టి కాస్త ఆలోచించాడు.

"ముందర మాట మాటకి ఉండె గదన్నా. మొన్న నేను ఒక గ్లాసు మొత్తం తాగిందాక ఆయన కతలు సెప్తానే ఉండె. ఒక్కసారి గూడ దగ్గలే."